తాళం వేసిన తోట

తలుపు తీయగానే సంచి నిండా రంబుటాన్ పళ్లు కనిపించాయి. వాటి వెనకాల బక్కపలచటి ముసలాయన.

"జొహోర్ నించి వచ్చాను బాబూ. నా పేరు యాకూబ్. ఇవి మీ తోటవే, తినండి."

విఘ్నేశ్వరన్‌కి ఒళ్లు మండింది.

జపాన్‌వాళ్ల యుద్ధంలో నానమ్మ ఇల్లు తగలబడితే, పరిహారంగా మలేషియాలోని జొహోర్‌లో అడవి అంచున మూడెకరాలిచ్చారు. ఆవిడ సమాధీ అక్కడే. నాన్న పోయాక సింగపూర్లో ఈ యీషున్ పేట ఫ్లాట్ వదిలి అటు వెళ్లడానికి అతనికి తీరిక చిక్కలేదు.

"మా తోటలోకి ఎందుకెళ్లావ్ నువ్వు?"

"తుప్పలు కొట్టడానికి బాబూ. ఏటా వెళ్తాను."

"ఎవరు కొట్టమన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"ఇంకొన్నాళ్లు ఊరుకుంటే తోటే తనదంటాడు!" లోపల్నించి అతని భార్య శాంతిని అరిచింది.

మొగుడూ పెళ్లాల మాట ఒకటే అయ్యింది.

"మళ్లీ అక్కడ కాలు పెట్టావంటే పోలీసుల్ని పిలుస్తా."

ముసలాయన సంచి గుమ్మం పక్కన పెట్టాడు.

"పెట్టన్లెండి. కానీ తుప్పలు పెరగనిస్తే..."

తలుపు మూసుకుంది.

విఘ్నేశ్వరన్ వారం తిరక్కుండా మనిషిని పంపి తోటకు కంచె కట్టించాడు. గేటు పెట్టించాడు. తాళం వేయించాడు. తాళం వేస్తే ఫ్లాట్ భద్రం. తోటా అంతేననుకున్నాడు.

మరుసటి ఏడాది వానలు వెలిశాక పక్క తోట వీరభద్రరావు ఫోన్ చేశాడు.

"మీ నేల సర్కారు వెనక్కి తీసేసుకుంది నాయనా. అడవి కమ్మేస్తే పట్టా రద్దు. ఇచ్చిన నాటి షరతే గదా!"

"నాకెవరూ చెప్పలేదే!"

"నోటీసు నీ గేటుకే అంటించారు. తాళం వేసుకుని సింగపూర్లో కూర్చుంటే ఎవరు చూస్తారు?"

"మరి నానమ్మ సమాధి?"

"అటు దారే లేదిప్పుడు. అంతా ముళ్లు."

"అప్పీలు చేస్తే?"

"గడువు దాటిపోయింది."



"మరిన్నాళ్లూ ఎలా నిలిచింది అంకుల్?"

"యాకూబ్ ఉన్నాడు గదా! మీ నాన్న మంచాన పడ్డప్పట్నించీ తనిఖీవాళ్లు వచ్చేలోగా ఒక్కడే తుప్పలు కొట్టేవాడు. నువ్వు తాళం వేశాక రోజూ వచ్చి గేటవతల నిలబడేవాడు. లోపలికెళ్లవయ్యా అంటే, వద్దన్నారుగా అనేవాడు."

"ఆయన్ని పిలవండి. నేను బయల్దేరి వస్తున్నా."

"పోయిన నెల పోయాడు నాయనా."

విఘ్నేశ్వరన్ చేతిలోకి తీసుకున్న గేటు తాళంచెవి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"ఆయన మాకేమవుతారు?"

"ఏమీ కాడు. ఇల్లు తగలబడ్డ రోజు మీ నానమ్మ నగల పెట్టె మంటల్లోనే వదిలేసి, పక్కింటి పసిగుడ్డునొకణ్ణి ఎత్తుకుని బయటపడిందట... వాడే ఈ యాకూబ్."