ఫొటోకి అడ్డం

"ఏవండీ, ఆవిడ మళ్ళీ అడ్డమొచ్చింది!"

తండ్రి ఫోను దించి పళ్ళు నూరాడు.

దేశం కాని దేశం. ఆదివారం కదా అని నలుగురూ పొద్దున్నే సముద్రపు గట్టుకి వచ్చారు. గట్టు పొడవునా ఇనప కమ్మీలు. ఒక్కచోట మాత్రం కమ్మీలు కనబడనంతగా గుత్తులు గుత్తులుగా తెల్లపూలు కట్టి ఉన్నాయి.

"ఆదివారమని ఎంత బాగా అలంకరించారో! మన దగ్గరైతే ఈపాటికి లుంగీలు ఆరేసేవాళ్ళు" అని తల్లి మురిసిపోయింది. ఒక పువ్వు తుంచి పెద్దదాని జడలో పెట్టింది.

"ఎవరన్నా చూస్తారేమో అమ్మా" అంది పెద్దది, తనకే వినబడనంత మెల్లగా. పద్నాలుగేళ్ళొచ్చినా దానికి నోరు పెగలదు.

నాలుగేళ్ళ బుడ్డోణ్ణి పూల ముందు నిలబెట్టారు.

అంతే, ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఒక పెద్దావిడ. బూడిదరంగు కోటు, చేతిలో గుడ్డసంచి. చేతులూపుతూ ఏదో అంటూ వచ్చి బుడ్డోణ్ణి ఇవతలికి లాగింది. వాడు విదిలించుకుని మళ్ళీ పూలకి ఆనుకున్నాడు. ఆవిడ వాడి పక్కనే నిలబడిపోయింది.

ఆ భాష ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఫొటో సరదా కాబోలు, పోనీండి."

"సరదానా? పెళ్ళి వీడియోకి అడ్డంగా నిలబడే మీ మేనత్తలాగ!"

"మధ్యలో మా మేనత్తేం చేసిందండీ?"

మూడో ఫొటో, నాలుగో ఫొటో. పొమ్మని ఎంత సైగ చేసినా ఆవిడ కదల్లేదు.

"అయ్యో, పిల్లాడి చొక్కా పట్టుకుంది చూడండి!"

తండ్రి ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ వేళ్ళు విడదీసి పక్కకి తోశాడు. ఆవిడ మోకాళ్ళమీద పడింది. సంచి బోర్లాపడి తెల్లపూలు చెల్లాచెదురయ్యాయి.

"ఓహో, పూలమ్ముకునే మనిషా! పెద్దదాని జడలో పువ్వుకోసమా ఈ వేషాలన్నీ?"

సంచిలోకి ఒక నాణెం విసిరాడు.

ఆవిడ నాణేన్ని చూసింది. పెద్దదాని జడ చూసింది. తర్వాత బుడ్డోడి వైపు చెయ్యి చాచి, కిందనుంచే మళ్ళీ ఏదో అరిచింది.

"నాన్నా, ఒకసారి..." పెద్దదాని మాట గాలికే పోయింది.

"ఆఁ, ఇప్పుడొచ్చింది అసలైన ఫొటో!" అన్నాడు తండ్రి.

సాయంత్రం హోటల్ గదిలో, తల్లి బుడ్డోడికి స్నానం చేయిస్తుంటే, తండ్రి పెద్దదాని చేతికి ఫోనిచ్చాడు.

"నీకు బాగా వచ్చుగా, ఫొటోల్లోంచి ఆవిణ్ణి కోసెయ్యమ్మా."

అది మంచం చివర కూర్చుని ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసింది. చివరిది తప్ప అన్నిట్లోనూ ఆవిడ పిడికిట్లో తమ్ముడి చొక్కా ఉంది.

చివరి ఫొటోలో తమ్ముడు వెనక్కి వాలి నవ్వుతున్నాడు. వాలినచోట పూలు పక్కకి తొలిగాయి. వాటి వెనక కమ్మీల్లేవు. ఊడిపోయినచోట అడ్డంగా ఒక్క తాడు. తాడు కింద బండలు, నీళ్ళు.

"నాన్నా!"

ఈసారి గట్టిగానే పిలిచింది.

తండ్రి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం కాలేదుగా. రేపు పొద్దున్నే విమానం. మీ అమ్మకి చెప్పకు" అని అటు తిరిగి పడుకున్నాడు.

పెద్దది జడలో పువ్వు తీసింది. వాడిపోయింది.

ఫొటోని ఇంకాస్త పెద్దది చేసింది. తొలిగిన పూల చాటున, ప్లాస్టిక్ కవరులో అరచేయంత పాత ఫొటో ఒకటి తాడుకి కట్టి ఉంది. దాని కింద రెండు తేదీలు, మధ్య నాలుగేళ్ళే.

అందులో, అదే గట్టు మీద, బుడ్డోడంత పిల్లాణ్ణి ఎత్తుకుని, ఎవరో ఫొటో తీస్తుంటే నవ్వుతున్నది ఆవిడే.