ఎదుటివాళ్లు చదివే అంకె

“ఎనభై ఆరు! నా పని అయిపోయిందే!” వేలికి ఆక్సీమీటర్ తగిలించుకున్న తల్లి సోఫాలో కూలబడింది. “ఆక్సిజన్ తొంభైకి తగ్గితే ఆస్పత్రేనన్నారు. నేను పోతే నీ చదువెవరు చూస్తారు? మీ నాన్నకి బీపీ మాత్ర ఎవరు గుర్తుచేస్తారు?”

కూతురు ఎదురుగా వచ్చి వంగి చూసింది. “తొంభై ఎనిమిదమ్మా! నువ్వు తలకిందులుగా చదివావు. అంకె ఎదుటివాళ్లకే సరిగ్గా కనపడుతుంది.”

ఆవిడ వేలు తిప్పి చూసుకుంది. నిజమే. పోయిన ప్రాణం లేచొచ్చింది, వెంట సిగ్గూ వచ్చింది.

కుర్చీలోంచి తండ్రి దగ్గుతూ నవ్వాడు. “కరోనా అని పాల ప్యాకెట్లకి సబ్బుస్నానం చేయించావు, తాళంచెవులు ఉడకబెట్టావు, తుమ్మినందుకే రెండుసార్లు అంబులెన్సు పిలిచావు. ఇక నీ అంత్యక్రియలే అనుకున్నా, అవీ వాయిదా పడ్డాయి! కాస్త జ్వరం వస్తే నన్ను గదిలో పెట్టి తాళం వేస్తానంటివి. ఇటివ్వు, మగాడి ఊపిరెలా ఉంటుందో చూపిస్తా.”

తగిలించుకుని, తన వైపు నుంచే చూసుకుని తొడ చరిచాడు. “తొంభై ఎనిమిది! రాయిలా ఉన్నా. ఇకనైనా నీ వాట్సాప్ వైద్యం ఆపుతావా?”

అది ఇవ్వడానికి లేచొచ్చిన ఆవిడ ఆయనకి ఎదురుగా నిలబడి ఉంది. అక్కణ్ణుంచి కనపడింది ఎనభై ఆరు.

ఇల్లు ఎగిరిపోయేలా అరవాల్సిన మనిషి అరవలేదు.

“ఆయాసంగా ఉందా?” అంది మెల్లగా.

“ఇంత నవ్విస్తే ఎవరికి రాదు?”

“సరే, నవ్వండి. లేవకండి మాత్రం.” కూతురి చేతిలో ఫోన్ పెట్టింది. “అంబులెన్సుకి నువ్వే చెయ్యవే. నేను చేస్తే గొంతు గుర్తుపట్టి పెట్టేస్తారు.”