చెరో వైపు

“ఆవిడని కాస్త ఎత్తి పట్టుకోమనండి మామయ్యా,” అంది పెద్దకోడలు, మొదటి అంతస్తు మెట్ల మీద ఆగి.

“నేను ఎత్తే పట్టుకున్నాను. వంగింది తన వైపేనని చెప్పండి మామయ్యా,” అంది చిన్నకోడలు గోడకేసి చూస్తూ.

నాలుగో అంతస్తు నుంచి తొంగిచూస్తున్న రిటైరైన లెక్కల మాస్టారికి ఒళ్లు మండింది. ఒక్క సంచికి చెరో కాడ పట్టుకుని ఒకరు ఈ గోడా, మరొకరు ఆ గోడా రాసుకుంటూ ఎక్కుతున్నారు. మధ్యలో ఏనుగు దూరేంత జాగా. నెలాఖరులోగా వీళ్లు మాట్లాడుకోకపోతే వేరే ఇల్లు చూసుకుంటానని పెద్దకొడుకు తెగేసి చెప్పాడు. అందుకే లిఫ్టు ఆపేసిందీ మాస్టారే, తన పుస్తకాలు సంచిలో కుక్కి కింద పెట్టి, బియ్యమని చెప్పి పైకి తెమ్మన్నదీ ఆయనే.

“బలానికి ఎంత అన్నది ఒక్కటే చాలదమ్మా, ఎటు అన్నది కూడా ఉండాలి. దాన్నే సదిశ అంటారు. మీరు చెరో గోడకీ లాగుతుంటే ఆ లాగుళ్లు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సంచిని పైకెత్తేది మిగిలిన పిసరే. దగ్గరికి జరగండి, దూదిలా ఉంటుంది.”

“ఈ బియ్యానికి మూలలేమిటి మామయ్యా? మోకాలికి గుచ్చుకుంటున్నాయి,” అంది చిన్నకోడలు.

మాస్టారు దగ్గారు. “కొత్తరకం. ముందు జరగండి.”

“ఆవిడ జరిగితే నేనూ జరుగుతాను.”

“ముందు తననే జరగమనండి.”

“ఈ గోడకి చెప్పినా ఈపాటికి ఫస్టుక్లాసులో పాసయ్యేది,” అని మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. “ఇద్దరూ ఒక్కసారే జరగండి తల్లీ. ఒకే వైపు పనిచేసే బలాలు రెండూ కూడుకుంటాయి.”

రెండో అంతస్తులో పాత పేపర్లవాడు త్రాసు పెట్టుకుని దారికడ్డంగా కూర్చున్నాడు. సందు ఇరుకై ఇద్దరి భుజాలూ తగిలాయి. మెట్ల మలుపు చాటున ఇద్దరూ కనబడలేదు. గుసగుసలు వినిపించాయి. కాసేపటికి నవ్వు, ఒకటి కాదు, రెండు. మాస్టారు మీసం దువ్వుకున్నారు.

భుజం భుజం రాసుకుంటూ, సంచి ఊపుకుంటూ పైకొచ్చారు.

“చూశారా, ఎంత తేలికైందో. లెక్క అబద్ధమాడదు.”

“నిజమే మామయ్యా. చెల్లీ నేనూ ఒకే వైపుకొచ్చేశాం,” అంటూ పెద్దకోడలు సంచిని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో ఉంచింది.

“మీ పుస్తకాలన్నీ తూకానికి వేసేశాం,” అంది చిన్నకోడలు.