ఆ ఒడ్డు మనిషి

శివపార్వతిని చంపింది ఆ ఒడ్డువాళ్లే.

ఇందులో ఆమె భర్త బసవేశ్వరరావుకు ఏ అనుమానమూ లేదు. అడిగినవాళ్లకు చెప్పేవాడు. అడగనివాళ్లకూ చెప్పేవాడు.

వరదకు ఈ ఒడ్డు దారి తెగిపోయిన రోజున ఆమెను పాము కరిచింది. రేపల్లె ఆసుపత్రికి చేరాలంటే సముద్రంలో కలిసే పెద్ద డ్రెయిను కాలువ దాటి ఆ ఒడ్డున రోడ్డెక్కాలి. ఆ ఒడ్డున చేపలవాళ్ల పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. గొంతు పోయేలా పిలిచాడు.

మనుషులు నిలబడి చూశారు. పడవ కదల్లేదు.

ఆయన ఇంటికి తిరిగివచ్చేసరికి ఆమె పోయింది.

తర్వాత కారణం తెలిసింది. సముద్రంలో ఎవరో మునిగిపోయారట. శవం దొరికేదాకా ఎవరూ పడవ నీళ్లలో పెట్టకూడదన్నది ఆ ఊరి కట్టుబాటట.

"కట్టుబాటు!" అని ఉమ్మేసేవాడు బసవేశ్వరరావు.

సునామీ వచ్చిన మరుసటి ఏడు అక్కడ యువజన శిబిరం పెట్టారు. తెనాలి నుంచి, బాపట్ల నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు. ఈ ఒడ్డు రైతుల పిల్లలు కొన్నాళ్లు ఆ ఒడ్డు ఇళ్లలో ఉండాలి. ఆ ఒడ్డు పిల్లలు ఈ ఒడ్డు ఇళ్లలో తినాలి. పగలు అందరూ కలిసి డ్రెయిను గట్టు కింద, ఉప్పునీళ్లలో పెరిగే మడ మొక్కలు నాటాలి.

గట్టు బసవేశ్వరరావుది. ఏటా సముద్రపు పోటుకు కోసుకుపోయి చేలోకి ఉప్పునీళ్లు వస్తున్నాయి. సగం చేను అప్పటికే చౌడైపోయింది. ఆయన బతుకు మిగతా సగం మీదే.

శిబిరం నడిపే మనీషా తెనాలి పిల్ల. వచ్చి అడిగింది.

"బాబాయ్‌గారూ, మడలు నిలబడితే మీ గట్టు నిలబడుద్దండి."

"నాటుకోండి. ఆ ఒడ్డువాళ్ల కాలు మాత్రం నా గట్టు మీద పడకూడదు."

"అందరం కలిసి నాటాలనేగా వచ్చిందండి!"

"అయితే చేను పోనీ."

"చేను పోతే ఏం తింటారండి?"

"ఉప్పు."

పని ఆగిపోయింది. తెచ్చిన మొక్కలు ఎండకు వాడిపోతున్నాయి. ఆ పూట దాటితే శిబిరం ఎత్తేయాల్సిందే.

పోటు తగ్గి పాటుకు నీళ్లు తీసినప్పుడు, ఒక ముసలామె గట్టు కింద వంగి మొక్కలు గుచ్చుతూ కనిపించింది.

బసవేశ్వరరావు కర్ర పట్టుకుని పరుగెత్తాడు.

"ఎవరే నువ్వు?"

"కొండమ్మనన్నా. ఆ ఒడ్డు."

"దిగు నా గట్టు!"

"ఎక్కితేగా దిగడానికి."

నిజమే. ఆమె మోకాటి లోతు బురదలో నిలబడి ఉంది.

"గట్టు నీదే అన్నా, కాదన్లేదు. నీళ్లు కూడా నీ పేరనే రాసిచ్చారా?"

పిల్లలు గొల్లున నవ్వారు. ముందు మనీషా నీళ్లలోకి దూకింది. తర్వాత ఈ ఒడ్డు పిల్లలు దూకారు. ఆ ఒడ్డు పిల్లలు పడవల్లోంచి దిగారు. బురదలో ఎవరు ఏ ఒడ్డో తెలియలేదు.

శిబిరం అయ్యేదాకా బసవేశ్వరరావు గట్టు మీద కాపలా కాశాడు.

"మీ ఊరి పాపం కడుక్కోవడానికొచ్చావా?" అని పైనుంచి కొండమ్మను అడిగాడు.

ఆమె ఇంకో మొక్క గుచ్చింది.

"ఈ మొక్కలు నాటితే నా పెళ్లాం లేచొస్తుందా?"

చేతిలో మొక్కతో ఆమె ఒక్క క్షణం ఆగింది.

"రాదన్నా. పోయినోళ్లెవరూ రారు."

మధ్యాహ్నం పిల్లలంతా అన్నాలు పట్టుకుని గట్టు పక్క నీడకు వెళ్లారు.

"నువ్వూ ఎక్కవే అమ్మమ్మా," అంది మనీషా.

"ఎక్కొద్దన్నాడుగా. ఆయన మాట ఆయనకుండాల."

ఎండలో, నీళ్లలో నిలబడే తిన్నది. బసవేశ్వరరావు విన్నాడు, చూశాడు. ఎక్కమనలేదు.

కొన్నేళ్లకు మడలు మనిషెత్తు లేచాయి. ఆ ఏడు తుఫాను పోటుకు చుట్టుపక్కల గట్లన్నీ తెగాయి. ఆయన గట్టు తెగలేదు. చేలో ఉప్పుచుక్క పడలేదు.

మరో శిబిరం కోసం మనీషా మళ్లీ వచ్చింది. బసవేశ్వరరావు ఎదురెళ్లాడు.

"ఆ కొండమ్మ ఏదీ? గట్టెక్కి నాటుకోమను."

"పోయిందండి. నిరుడు ఎండల్లో."

ఆయన మడల వైపు చూశాడు.

"ఆ ఊళ్లో పుట్టడమే ఆమె తప్పు. మనిషి గట్టిది."

"బాబాయ్‌గారూ, నేను శిబిరమప్పుడు ఉన్నది ఆమె గుడిసెలోనండి. తను బతికుండగా ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. పిన్నిగారిని పాము కరిచిన రోజు ఒక పడవ విప్పారండి."

"ఎవరు?"

"కొండమ్మేనండి. మీ కేకలు విని, మీరు ఇంటికి మళ్లాక, ఊరంతా అడ్డమొచ్చినా విప్పింది. వరద పడవని దిగువకు లాక్కుపోయిందట. ఎక్కడో ఒడ్డెక్కి, బురదలో నడిచి మీ ఇంటికొచ్చేసరికి పిన్నిగారిని వాకిట్లో పడుకోబెట్టారట. జనంలో నిలబడి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"వేళకి చేరని పడవ గురించి చెప్పుకునేదేంటే అనేదండి. కట్టుబాటు తప్పిందని ఊళ్లో ఆమెను వెలేశారు. చివరిదాకా ఊళ్లోవాళ్లెవరూ పలకరించలేదు."

"ఎవడో మునిగాడని బతికున్న మనిషిని వెలేశారా!"

"ఎవరో కాదండి. మునిగింది ఆమె కొడుకే."

బసవేశ్వరరావు డ్రెయిను వైపు చూడకుండా ఇంటి దారి పట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తొద్దమ్మా. నేనూ ఇక ఆ ఒడ్డు మాట ఎవరి దగ్గరా ఎత్తను."