ముత్తాత చేతిరాత

“మీ ముత్తాతగారు వంతెన కూలిన రోజే పోయారమ్మా. ఇదిగో, చనిపోయినవాళ్ళ జాబితాలో నాలుగో పేరు ఆయనదే,” అంటూ రికార్డు గది గుమస్తా రిజిస్టరును ఆమెవైపు తిప్పాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. మందుల షాపు మూసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది ఈ మాట వినడానికా? సంచిలోంచి ఉత్తరాల కట్ట తీసి బల్లమీద పెట్టింది.

“ఇవి ఆయన మా తాతమ్మకూ తాతకూ రాసినవి. మీ వంతెన కూలాక కూడా పంతొమ్మిదేళ్ళు వచ్చాయి. పోయినవాళ్ళు ఉత్తరాలు రాస్తారాండీ?”

ఆఫీసులో అందరూ చాటుగా ‘చెదపురుగు’ అని పిలుచుకునే ఆ గుమస్తా నొచ్చుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో ఉత్తరం మీది తేదీ చూశాడు. చూసేకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. తన రిజిస్టరు తప్పు చెప్పగా ఆయన ఇంతవరకూ చూడలేదు మరి.

ఎవరి పేరో ఎవరికో రాసి ఉంటారని ఆమె వాదించింది. తొంభై ఒకటో ఏట ఉన్న తాత వారం క్రితం ఈ కట్ట ఆమె చేతిలో పెట్టి, ఇవి రాసినాయన చివరికి ఏమయ్యాడో కనుక్కోమన్నాడు. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. తాత చదువూ ఉద్యోగమూ ఈ ఉత్తరాల చలవే. ‘లెక్కలు తప్పితే తప్పావు, బడి మాత్రం మానకు’ అని ఒక దాంట్లో, ‘చెప్పులు కరుస్తున్నాయట, పాదం కొలత గీసి పంపు’ అని ఇంకో దాంట్లో. ఒక్క లోటు మాత్రం ఉంది. ప్రతి ఉత్తరంలోనూ చివరి వాక్యం ఒకటే: ఈసారీ సెలవు దొరకలేదు.

చెదపురుగు లోపలికెళ్ళి వంతెన పని కూలీల హాజరు పట్టీ మోసుకొచ్చాడు. ముత్తాత పేరు దొరికింది. దాని ఎదురుగా నల్లగా వేలిముద్ర. పేజీలు తిప్పారు. రెండేళ్ళ పట్టీలోనూ అదే వేలిముద్ర.

“ఈయనకు సంతకం పెట్టడమే రాదమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా.

ఆమె గబగబా కట్ట విప్పింది. ప్రమాదానికి ముందు వచ్చినవి ఏడు, తర్వాత వచ్చినవి నూటికి పైనే. అన్నీ ఒకే చేతిరాత. మొదటినుంచీ ఇవి రాసింది ముత్తాత కాదన్నమాట. మరెవరు?

ఇప్పుడు చెదపురుగుకూ కుదురు లేదు. మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయి, నిచ్చెన వేసుకుని పై అరలోంచి ప్రమాదం మీద జరిగిన విచారణ ఫైలు దించాడు. గుడ్డముడి విప్పి, వాంగ్మూలాలు ఒక్కొక్కటే పక్కన పెట్టసాగాడు. మూడో కాగితం దగ్గర ఆమె చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

పన్నెండేళ్ళుగా డాక్టర్ల రాతలు పోల్చుకుంటూ బతుకుతున్న మనిషి ఆమె. కుడివైపు వాలిన ఆ వరసలు, పొడుగు తోకల ఆ ‘ళ’లు ఎవరివో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది ముత్తాత చేతిరాత. అంటే, ఆమె ఇంతవరకూ అలా అనుకున్న రాత.

ఆస్పత్రి మంచం మీదినుంచి ఒక తోటి కూలీ రాసిన వాంగ్మూలం అది.

‘పైనుంచి దూలం జారింది. నేను చూసుకోలేదు. అతను నన్ను పక్కకు తోసి దాని కింద పడ్డాడు. నా ఎడమకాలు ఒక్కటే పోయింది. అతని ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి నేనే. ఇంటి దగ్గర ఆరేళ్ళ కొడుకున్నాడు. వాళ్ళకు కబురు అందిందో లేదో ఎంత అడిగినా నాకెవరూ చెప్పడం లేదు.’

ఆమె ఇంకోసారి చదివింది. దానికి జతచేసిన ఆస్పత్రి పట్టీ ప్రకారం ఆ కూలీ మూడు నెలలు మంచాన ఉన్నాడు. ప్రమాదం తర్వాతి మొదటి ఉత్తరం, అతను బయటికొచ్చిన మర్నాటిది.

ఆ ఉత్తరం, ఆ వాంగ్మూలం పక్కపక్కన పెట్టుకుని ఇద్దరూ అక్షరం అక్షరం పోల్చి చూశారు. ఒంటికాలి మనిషి, ఏనాడూ చూడని పిల్లవాడికి పంతొమ్మిదేళ్ళు తండ్రిగా ఉన్నాడు. చివరికి చెదపురుగు కళ్ళజోడు తీసి, “ముప్పై ఏళ్ళుగా ఈ కాగితాల మధ్యే ఉన్నాను. ఇలాంటిది చూడలేదమ్మా,” అన్నాడు.

పాపం తాతమ్మ, అనుకుంది ఆమె. పంతొమ్మిదేళ్ళు లేని మనిషికోసం ఎదురుచూసింది. మరి తాతకు ఎలా చెప్పడం? తొంభై దాటాక తండ్రిని మళ్ళీ పోగొట్టుకోమనడమేగా. చెప్పకపోతే పోయేదేముందని గుమస్తా కూడా అన్నాడు. కానీ నిజం కనుక్కురమ్మని పంపిన మనిషితో అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. వరండాలోకి వచ్చి ఫోను చేసింది. తాతను కూర్చోమంది. వంతెన సంగతి, దూలం సంగతి, వేలిముద్ర సంగతి ఒకటొకటిగా చెప్పి, ఆ ఉత్తరాలు రాసింది వేరే మనిషని ముగించింది.

“తాతా, బాగానే ఉన్నావా?” అని కంగారుగా అడిగింది.

“నాన్న సంగతి నాకు తెలుసమ్మా,” అన్నాడు తాత. “ఆయన శవాన్ని తెచ్చుకోవడానికి అమ్మతో నేనూ వెళ్ళాను. మూడు నెలలకు ఆ ఉత్తరం వస్తే, మాకు తెలుసని చెబితే రాయడం ఆపేస్తాడు, అప్పుడు పాపం ఈ మనిషి ఏమైపోతాడోనని అమ్మ నాచేత జవాబు రాయించింది... ఆయన పేరేమిటో చెప్పు తల్లీ.”