మేవిస్ నోరు

నేను ఫుట్‌బాల్ క్లబ్బులో డిఫెండర్‌గా ఆడినన్నాళ్లూ, ఒక్క మ్యాచ్ కూడా వదలని ముసలి అభిమాని మేవిస్ నన్ను తిట్టింది. అదే క్లబ్బుకి కోచ్‌నయ్యాక, మా బెంచీ వెనక సీటుకి మారి మరీ తిట్టింది.

ఆ శనివారం వానలో, హాఫ్‌టైమ్‌కే మూడు గోల్స్ తిన్నాం. వెనక నుంచి మేవిస్ కేకేసింది:

"ఇంటికి పోరా ఓగ్డెన్! నీ జట్టుకంటే మా పెరటి గేటు నయం, కనీసం అడ్డంగా నిలబడుతుంది!"

క్లబ్బు యజమాని గొడుగేసుకుని మెట్లు దిగొచ్చాడు. "జనం మాట విన్నావుగా. నీ ఉద్యోగం అయిపోయింది. బయల్దేరు."

"ఆట అయ్యేదాకా కదలను. నీ చేతనైంది చేసుకో."

వెనక టీ ఫ్లాస్కు మూత బిగించిన చప్పుడైంది. మేవిస్ చేతికర్ర నేలకు తాటిస్తూ వచ్చింది. నా మీదికే అనుకున్నాను.

కర్ర ఆయన ఛాతీకి ఆనింది.

"వీణ్ణి పొమ్మనడానికి నువ్వెవడివి? నిన్నగాక మొన్న క్లబ్బు కొన్నావు. మీసాలు రాని వయసు నుంచీ వీణ్ణి తిడుతున్నదాన్ని నేను. పొమ్మనాలంటే నేననాలి!"

స్టాండంతా చప్పట్లు. ఆయన గొడుగు మూసుకుని, తడుస్తూ మెట్లెక్కాడు.

మేవిస్ నావైపు తిరిగింది. "నువ్వేంట్రా గుడ్లప్పగించి చూస్తున్నావ్? ఆ ఎడమ పక్క ఖాళీ పూడ్చి చావు!"

రెండో సగం విజిల్ మోగిందో లేదో, వెనక నుంచి మళ్లీ అదే కేక: "ఇంటికి పోరా ఓగ్డెన్!"

అప్పటికి గానీ నా గుండె కుదుటపడలేదు.