వంకర తీసిన కత్తి

“ఏమండీ, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. మీకు పుణ్యముంటుంది,” అంది ఆవిడ గుమ్మంలోంచే.

అప్పటికే ఆలస్యమైపోయింది. కత్తి బెంచీకి బిగించి ఉంది. పాత పిడి రెండు చెక్కలై కింద పడి ఉంది. ఆవిడ భర్త కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తున్నాడు. ముప్పై అయిదేళ్ళు కర్మాగారంలో ఫిట్టరుగా ఇనుముతో కాపురం చేసిన మనిషి. వెంట్రుకవాసి తేడా ఉన్నా కొలబద్ద లేకుండా చెప్పేస్తాడని అక్కడ పేరు. రిటైరయ్యాక ఆ కళ్ళకి మేత కరువై, ఇంట్లో తలుపులూ గొళ్ళాలూ అన్నీ విప్పి బిగించాడు. పాపం, ఇప్పుడు కత్తి వంతు వచ్చింది.

“ఎవరో గానీ ఘనులే! ఒక్కపక్కే నూరి నూరి చంపారు. రెండోపక్క పలకలా ఉంది. ఇలాంటి వంకర కత్తిని ఏరికోరి కొన్నావు చూడు, నీకు దండం పెట్టాలి.”

“నాకలాగే బాగుందండీ.”

“ఏం బాగు? పొద్దున నేను యాపిల్ కోస్తే ముక్క దొప్పలా వచ్చింది.”

“నాకు తిన్నగానే తెగుతోంది.”

“తిన్నగా అంటే నీకేం తెలుసే! నువ్వు తరిగిన ముక్కలు ముప్పై ఏళ్ళుగా తింటున్నాను. ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. కత్తెరిచ్చినా అంతే, గుడ్డని నమిలేస్తావు. అడిగితే కత్తి మంచిది కాదంటావు. ఆడలేక మద్దెల ఓడని!”

ఆవిడ లోపలికొచ్చి, కింద పడ్డ పిడి చెక్కలు ఏరుకుంది. ఈ కత్తి దొరికేదాకా, బడి వంటగదిలో రెండు గంపల కూరలు తరిగి ఇంటికొచ్చేసరికి మణికట్టు సలుపుతూ ఉండేది. రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది.

వారం కిందట వీధి మలుపులో పాత సామాన్ల కొట్లో దొరికిందా కత్తి. “అది వద్దక్కా,” అన్నాడు కొట్టతను. “ఇద్దరు కొనుక్కెళ్ళి తెచ్చి నా మొహాన కొట్టారు. ముక్క పక్కకి పోతోందట.” ఆవిడ ఓ అట్టముక్క తీసుకుని కోసి చూసింది. గీత గీసినట్టు తిన్నగా దిగింది. కొట్టతను ఆవిడని ఒక్క క్షణం పరీక్షగా చూసి నవ్వాడు. “అయితే ఇది ఇన్నాళ్ళూ మీకోసమే కాచుకునుందక్కా!”

ఆ వారం రోజులూ మణికట్టు నొప్పి లేదు. “ఏంటి వదినా, ఇవాళ పెందరాళే కానిచ్చేశావు?” అని పెద్ద వంటావిడ కూడా ఆశ్చర్యపోయింది. ఇదిగో, అంతలో ఫిట్టరుగారి కన్ను పడింది.

పెళ్ళయిన కొత్తలో ఓసారి తన చేతి సంగతి ఆయనకి చెప్పబోయింది. పేపరు తిప్పుతూ “ఊఁ” అన్నాడు. మళ్ళీ చెప్పలేదు. కళ్ళున్న మనిషికి చెప్పాలా అని మొదట్లో పంతం. ఏళ్ళు గడిచేసరికి ఆ పంతం కాస్తా అలసటై కూర్చుంది. ఆయన వంటింట్లోకి వచ్చేది మంచినీళ్ళకి. తాగుతాడు, వెళ్తాడు.

పది రోజులు ఆకురాయి చప్పుడుతో ఇల్లు దద్దరిల్లింది. ఆవిడ మళ్ళీ బడి వంటగదిలోని పాత కత్తే పట్టుకుంది. అయిదోరోజు అది క్యాబేజీ మీద జారి కుడి బొటనవేలు తెగింది.

“ఇలా అయితే కష్టం వదినా,” అంది పెద్ద వంటావిడ, కట్టు కడుతూ. “పిల్లలు గంట కొట్టగానే పళ్ళేలు పట్టుకుని నిలబడతారు. వచ్చే నెల నుంచి అంట్ల దగ్గరికి మారిపో. ఏమనుకోకు.”

ఇరవై ఏళ్ళు కూరలు తరిగిన మనిషికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇంటికొచ్చి, “నా కత్తి ఎలా ఉన్నది అలా ఇచ్చేయండి,” అని అడిగింది.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కత్తే ఊరుకుంది, నీకేం తొందర?” అని నవ్వి, ఆయన కట్టున్న చేతిని లాక్కుని అట్టమీద పరిచి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాడు. “పిడి నీ చేతి కొలతకే చేస్తున్నా. వేలికి వేలు ఒదిగిపోవాలి. కదలకు మరి.”

ఆవిడ కదల్లేదు. ఇప్పటికైనా కనిపెడతాడేమోనని ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన చూపు పెన్సిల్ మొన మీదుంది.

ఆదివారం పొద్దున కత్తి పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. రెండుపక్కలా సరిసమానమైన వాలు. నున్నటి చెక్క పిడి, బొటనవేలు ఆనడానికి చక్కటి గుంట.

“వంకర మొత్తం తీసేశా. నా జన్మలో ఇంత శ్రద్ధగా ఏదీ చెయ్యలేదే. నీకోసమే.”

ఆయన గొంతులో నిజమైన సంబరం. ఆవిడకి కోపం రావాలి. రాలేదు, ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆయన తన చేత్తో చేసిచ్చిన మొదటి వస్తువది. అదీ ఇలాగే చెయ్యాలా!

“ఏంటలా చూస్తావు? కొయ్యి. ఇవాళ ఇక్కడే నిలబడి చూస్తాను.”

“నిజంగా చూస్తారా?”

“చూస్తానన్నానుగా.”

“అయితే కళ్ళజోడు సరిగ్గా పెట్టుకోండి.”

ఆయన నవ్వుతూ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఆవిడ బల్లమీద క్యారెట్ పెట్టి, కట్టున్న వేలితో దాన్ని అదిమి పట్టుకుంది.

ఎడమచేత్తో కత్తి అందుకుంది.